పాత ఎస్టేట్ బండికి వెనక సీటు బెల్టులు: ఏ రకం, ఎక్కడ, ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో కొన్ని పాత ఎస్టేట్ బళ్లు (డిక్కీ విడిగా కాక లోపలే కలిసి ఉండే పొడుగు కార్లు) ఇంకా నడుస్తున్నాయి. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ వాటిలో ఒకటి, ఎక్కడో ఒక అంబాసిడర్ ఎస్టేట్ ఇంకొకటి. ముందు సీట్లకు బెల్టులు ఉంటాయి. వెనక ఉత్త సీటే. ఆ సీటులోనే పిల్లలూ పెద్దవాళ్లూ కూర్చుని విజయనగరం పెళ్లిళ్లకీ విశాఖ ఆసుపత్రులకీ వెళ్తుంటారు. బెల్టులు పెట్టించాలనుకున్నవాళ్లు మొదట అడిగేది "ఏ బెల్టు కొనమంటారు?" అని. ముందు అడగాల్సింది అది కాదు. బెల్టును పట్టుకునే రేకు బండిలో ఎక్కడుంది, ఎంత గట్టిగా ఉందన్నది తేలితే ఏ రకం కొనాలో దానంతటదే తేలిపోతుంది.

లెక్క చూడండి. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్దితే, బెల్టు లేని మనిషికి అది సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడినట్టు. అంటే మూడంతస్తుల మేడ. అదే 60 కిలోల మనిషిని బెల్టు అర మీటరు దూరంలో ఆపాలంటే సగటున 1,180 కిలోల బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. ఆ లాగుడంతా మూడు బోల్టుల మీదే. ఐరోపా నిబంధనల పరీక్షలో మూడు బిందువుల బెల్టు (నడుముకూ భుజానికీ పట్టీ ఉండి మూడు చోట్ల బిగించేది) పట్లను, అంటే బెల్టు బండికి బిగిసే చోట్లను, భుజం పట్టీ మీద 13.5 కిలోన్యూటన్లు, నడుము పట్టీ మీద 13.5 కిలోన్యూటన్లు ఒకేసారి వేసి లాగుతారు. నడుముకు మాత్రమే ఉండే బెల్టయితే 22.25 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల పైమాటే. మిల్లీమీటరు మందం కూడా లేని నేల రేకుకు కన్నం పెట్టి, మామూలు వాషరు వేసి బిగిస్తే ఆ బోల్టు రేకును చించుకుని పైకి వచ్చేస్తుంది.

కొనే ముందు విప్పి చూడాల్సినవి

వెనక సీటు దిండు, వీపు రెండూ తీసేయండి. డిక్కీ పక్క ప్యానెళ్లు, వెనక తలుపు వెనకున్న పిల్లర్ (పైకప్పును మోసే నిలువు స్తంభం) తొడుగు కూడా తీయండి. కొన్ని బళ్లలో కంపెనీయే నట్టు వెల్డ్ చేసి, ప్లాస్టిక్ మూతో రబ్బరు బిరడానో పెట్టి వదిలేస్తుంది. అలాంటి నట్లు దొరికితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే వాటి వెనక బలపరిచిన రేకు ఉంటుంది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ప్రపంచంలో చాలా బెల్టులకు 7/16 అంగుళాల, అంగుళానికి 20 మరలున్న సన్న మర బోల్టు వస్తుంది. దాని వ్యాసం 11.1 మి.మీ., మర దూరం 1.27 మి.మీ. బండిలో ఉన్న నట్టు 12 మి.మీ., 1.25 మర దూరం గలదైతే ఈ బోల్టు అందులోకి సులువుగా దూరుతుంది, తిరుగుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది కూడా. కానీ మరలు అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటాయి. గట్టిగా లాగితే ఊడి వస్తుంది. కాబట్టి బోల్టును చేత్తో రెండు మూడు చుట్లు తిప్పాక అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఊగితే అది ఆ నట్టుకు చెందిన బోల్టు కాదు. మర గేజీ ఏ లేత్ షాపులోనైనా ఉంటుంది, ఒక్క నిమిషం పని.

తర్వాత తుప్పు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి తిరిగిన బళ్లలో చక్రం పైన ఉండే లోపలి గుమ్మటం, సీటు కింద నేల అంచులు లోపలి నుంచి తినేసి ఉంటాయి. పైన రంగు బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చి చూడండి, చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచి రేకు, మొద్దుగా మోగితే కాదు. మెత్తని చోట పట్టు పెట్టడం కన్నా టింకరింగ్ మిస్త్రీ చేత కొత్త రేకు వేయించాకే బెల్టుల మాట ఎత్తడం మేలు.

ఏ రకం బెల్టు

నడుము పట్టీ ఒక్కటే ఉండే రెండు బిందువుల బెల్టు అన్నిటికన్నా చవక, బిగించడమూ తేలిక. పిల్లర్ జోలికి పోనక్కర్లేదు. కానీ పై ఒళ్లు స్వేచ్ఛగా ముందుకు మడుచుకుపోతుంది. పాత బళ్లలో ముందు సీటు వీపు పైన పల్చటి స్పాంజి, దాని కింద ఇనుప గొట్టం. తల తగిలేది ఆ గొట్టానికే. పట్టీ ఎముక మీద కాకుండా కడుపు మీదకు జరిగి ఉంటే పేగులకు, వెన్నుకు దెబ్బ. పక్క సీట్లకు ఈ రకాన్ని మేం సిఫారసు చేయం. మధ్య సీటుకు వేరే దారి లేనప్పుడు మాత్రమే.

రీలు (పట్టీని లోపలికి చుట్టుకునే పెట్టె) లేని మూడు బిందువుల బెల్టు, అంటే చేత్తో పొడవు సరిచేసుకునేది, రక్షణలో నడుము పట్టీ కన్నా ఎంతో నయం. సరిగ్గా బిగించుకుంటే రీలు బెల్టుకు తీసిపోదు. రీలుకు చోటు లేని బండిలో పనికొస్తుంది. చిక్కంతా వాడకంలో. తాతగారికి సరిచేసిన పొడవు పదేళ్ల మనవడికి వదులు. నాలుగు వేళ్లు దూరే వదులుంటే మనిషి అంత దూరం ముందుకు ఎగిరాకే పట్టీ పట్టుకుంటుంది. వాడనప్పుడు నేల మీద పడి బురద పీల్చుకుంటుంది. ఇంట్లో ఎప్పుడూ ఆ ఇద్దరే వెనక కూర్చుంటారనుకుంటే సరే, లేదంటే కొన్నాళ్లకు ఎవరూ పెట్టుకోరు.

రీలు ఉన్న మూడు బిందువుల బెల్టే చాలామందికి సరైనది. మామూలుగా వదులిచ్చి, కుదుపు వచ్చినప్పుడు బిగుసుకుంటుంది. లోపల రెండు తాళాలుంటాయి. ఒకటి బండి కదలికను పసిగట్టేది, చిన్న గుండో లోలకమో. బ్రేకు తీవ్రత గురుత్వాకర్షణలో 0.45 వంతుకు చేరేసరికి ఇది పట్టాలి. రెండోది పట్టీని విసురుగా లాగినప్పుడు పట్టేది. రెండూ ఉన్న రీలే కొనండి. పెట్టె మీద కాదు, పట్టీకి కుట్టిన చీటీ మీద గుండ్రంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అంకె ఉన్నాయేమో చూడండి, అది ఐరోపా నిబంధనల ఆమోదపు గుర్తు. చీటీయే లేని బెల్టు ఎంత మెరిసినా వద్దు.

పాత సామాన్ల కొట్టులో కొత్త మోడల్ కార్ల బెల్టులు తక్కువకు దొరుకుతాయి. ఇవి ఆశ పెడతాయి, జాగ్రత్త. గుద్దుకున్న బండిదైతే పట్టీ ఒకసారి సాగిపోయి ఉంటుంది. పట్టీ అంతా బయటికి లాగి చూడండి. అలలు తిరిగిన నేత, మెరుపెక్కిన గీతలు, పై గైడులో (భుజం దగ్గర పట్టీ దూరి వంగే కొక్కెం) కరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే అది వాడేసిన బెల్టు. రీలుకు వైర్లు, పసుపు కనెక్టరు ఉంటే అందులో పేలుడు మందు ఉన్న బిగింపు యంత్రం ఉంది. దాన్ని విప్పొద్దు, దగ్గర వెల్డింగ్ చేయొద్దు, వైర్లకు కరెంటు తగలనివ్వద్దు. ఆ కారు కంప్యూటరు లేకుండా అది ఎలాగూ పని చేయదు. పైగా ఆ రీలు ఆ కారు పిల్లర్ వంపుకే తయారైంది.

ఇక నాలుగు పట్టీల రేసింగ్ బెల్టు. కుర్రాళ్లు ముచ్చటపడతారు. ఎస్టేట్ బండిలో భుజం పట్టీలు కట్టడానికి వెనక డిక్కీ నేల తప్ప ఏమీ ఉండదు. అక్కడికి కడితే పట్టీలు భుజాలను కిందికి నొక్కుతాయి, గుద్దినప్పుడు ఆ భారమంతా వెన్నుపూసల మీద. తొడల మధ్య పట్టీ లేకపోతే నడుము పట్టీ కడుపు మీదకు ఎక్కుతుంది. ఇంటి బండికి వద్దు.

రీలు ఎక్కడ: ఎస్టేట్ బండి అసలు చిక్కు

సెడాన్‌లో వెనక అద్దం కింద రేకు అర ఉంటుంది, రీలు అక్కడ కూర్చుంటుంది. ఎస్టేట్‌లో సీటు వెనక అంతా ఖాళీ, చుట్టూ అద్దాలు. సీటు మడిస్తే నేల చదునవ్వాలి. అందుకే చోటు ఎంపికకు ఎక్కువ సమయం పెట్టండి.

మొదటి చోటు, వెనక తలుపు వెనకున్న పిల్లర్. రీలు దాని అడుగున, పై గైడు భుజం ఎత్తుకు పైన. పట్టీ పొట్టిగా ఉంటుంది కాబట్టి తక్కువ సాగుతుంది, సామాన్లకు అడ్డం రాదు. చూడాల్సింది ఒక్కటే: కూర్చున్న మనిషి భుజానికి ఆ పిల్లర్ వెనక ఉందా, ముందుందా. ముందుంటే పట్టీ భుజాన్ని తాకకుండా గాలిలో వేలాడుతుంది, పనికిరాదు. ఇంట్లో పొడగరిని, పొట్టి మనిషిని ఇద్దరినీ కూర్చోబెట్టి కుట్టుపనికి వాడే టేపుతో పట్టీ దారి కట్టి చూడండి. పట్టీ మెడకూ భుజం అంచుకూ మధ్యగా పోవాలి. పై పట్టు భుజానికి సమానంగానో కాస్త పైనో ఉండాలి. భుజం కన్నా కింద ఉంటే వెన్ను నొక్కుకుపోతుంది.

రెండో చోటు, చక్రం గుమ్మటం మీద రీలు, పై గైడు మాత్రం పిల్లర్ మీదో, పైకప్పు పక్క దూలం మీదో. పిల్లర్ సన్నగా ఉండి రీలు పట్టనప్పుడు ఇదే దారి, పాత ఎస్టేట్లలో తరచు కుదిరేదీ ఇదే. గుమ్మటం వంపు రేకు కాబట్టి రీలుకు కోణీయపు బ్రాకెట్ కావాలి, 3 మి.మీ. రేకుతో లేత్ షాపులో చేయించాలి. రీలుకు తొడుగు తప్పనిసరి. బియ్యం బస్తా ఆనుకుంటే పట్టీ లోపలికి చుట్టుకోదు.

మూడోది, డిక్కీ తలుపు పక్కన ఉండే చివరి పిల్లర్. అది గట్టిదే, కానీ సీటు నుంచి చాలా దూరం. పట్టీ ఎంత పొడవైతే లాగుడుకు అంత సాగుతుంది, తల అంత ముందుకు పోతుంది. పైగా పట్టీ డిక్కీ మధ్యలోంచి దండెంలా పోతుంది. మొదటి రెండూ కుదరకపోతేనే.

రీలు కోణం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పని బాగా జరిగిన బండి కూడా ఇక్కడే పాడవుతుంది. రీలును సరైన నిలువు నుంచి 12 డిగ్రీల దాకా వంచినా తాళం పడకూడదు, 27 డిగ్రీలు దాటితే పడి తీరాలి. అర మీద పడుకోబెట్టే రీలును పిల్లర్ మీద నిలబెడితే అది ఎప్పుడూ తాళం పడే ఉంటుంది. నిలువుగానే పెట్టి 10 డిగ్రీలు వంకరగా బిగిస్తే ఇంటి ముందు బాగా పని చేస్తుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కో మలుపులో బిగుసుకుని పట్టీ రాదు. వెనక ఉన్నవాళ్లు విసిగి తీసేస్తారు. కొన్ని రీళ్లలో ఆ గుండు గూడును తిప్పి కోణం సరిచేసుకోవచ్చు. పాత బండికి అలాంటిదే వెతికి కొనండి. బిగించేటప్పుడు బండిని చదునైన నేల మీద నిలిపి, ఫోనులోని కోణం కొలిచే యాప్ రీలుకు ఆనించి చూడండి. కుడి రీలు, ఎడమ రీలు వేరువేరు కావచ్చు, మార్చకండి.

కింది పట్లు, పలకలు, బోల్టులు

ఒక్కో మనిషికి కింద రెండు పట్లు, వాటి మధ్య కనీసం 350 మి.మీ. పట్టీ తుంటి నుంచి కిందికీ వెనక్కీ పోవాలి, నేలతో 45 నుంచి 75 డిగ్రీల మధ్య కోణంలో. పట్టు మరీ వెనక్కి ఉంటే పట్టీ అడ్డంగా పడుకుని కడుపు మీదకు ఎక్కుతుంది, మనిషి దాని కిందనుంచి జారిపోతాడు. పాత సీట్ల దిండ్లు స్ప్రింగులతో మెత్తగా ఉంటాయి కాబట్టి ఈ జారుడు ఇంకా ఎక్కువ. కుషన్ పని చేసేవాళ్లతో ముందు అంచు కింద గట్టి స్పాంజి వేయించండి, ఊడి వచ్చే దిండయితే నేలకు బిగించండి.

నట్టు ముందే లేని ప్రతి చోటా పలక కావాలి. కనీసం 3 మి.మీ. మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. 65 మి.మీ. చదరపు పలక సరిపోతుంది. మూలలు గుండ్రం చేసి అంచులు ఆకురాయితో రాయండి, పదునుగా ఉంటే పలకే రేకును కోస్తుంది. పలక ఎప్పుడూ లాగుడుకు అవతలి వైపు ఉండాలి. అంటే మనిషి పైకి లాగితే పలక నేల కింద. అప్పుడు రేకు మధ్యలో నొక్కుకుని పట్టుకుంటుంది. ఇవతలి వైపు అతికిస్తే భారమంతా వెల్డింగ్ మీదే పడుతుంది. పిల్లర్ మూసుకున్న పెట్టెలాంటిది కాబట్టి లోపలికి చేయి పోదు. ఉన్న కన్నంలోంచి నట్టు వెల్డ్ చేసిన పలకను తీగతో లోపలికి దింపి, సరిచేసి, అప్పుడు నాలుగైదు చుక్కల వెల్డింగ్‌తో నిలపండి.

వెల్డింగ్‌కు సీవోటూ మిషనే (గ్యాసుతో, సన్న తీగతో అతికేది). మామూలు కడ్డీ వెల్డింగ్ పల్చటి రేకును కాల్చి కన్నం చేస్తుంది. బ్యాటరీ వైర్లు తీసేయండి, పైకప్పు గుడ్డ, స్పాంజి తీసేయండి. డీజిల్ ట్యాంకు, గొట్టాలు ఎక్కడున్నాయో కింద పడుకుని కళ్లారా చూశాకే డ్రిల్లు పట్టండి. బ్రేకు గొట్టం కూడా అదే దారిలో పోతుంది.

కన్నం 3 మి.మీ.తో మొదలుపెట్టి, 6, 8 మీదుగా 11.5 దాకా పెంచండి. అంచుకు జింకు ప్రైమర్ పూయండి. బండి కింద నల్లటి అండర్ కోటింగ్ ఉంటే పలక కూర్చునేంత మేర గీకి రేకు బయటపెట్టండి. చాలామంది ఇది వదిలేస్తారు. ఆ మెత్తని పొర కొన్ని రోజుల్లో నలిగి బోల్టు వదులవుతుంది. పలక బిగిశాక చుట్టూ సీలెంటు వేసి, దాని మీద కోటింగ్ పూయొచ్చు.

బోల్టు బెల్టుతో వచ్చినదే వాడండి. అది పోతే తల మీద ఆరు గీతలున్న గట్టి రకం, లేదా 10.9 అని రాసి ఉన్నది. మూడు గీతలదీ, గుర్తే లేనిదీ వద్దు. సుమారు 40 న్యూటన్ మీటర్లకు టార్క్ పానాతో (ఎంత బిగువో కొలిచే పానా) బిగించండి. బిగించాక కూడా పట్టీ కొస ఇనుప పలక చేత్తో తిరగాలి. బుష్, అలల వాషరు ఉన్నవి అందుకే. తిరగకపోతే పట్టీ ఒక అంచు మీదే లాగబడి అక్కడ చిరుగుతుంది. టాటా ఎస్టేట్‌లో బాడీ వేరు, కింద ఫ్రేము వేరు, మధ్యలో రబ్బర్లు. మూడు పట్లూ బాడీకే పెట్టండి. ఒకటి ఫ్రేముకు, రెండు బాడీకి పెడితే గుద్దినప్పుడు రెండూ వేరువేరుగా కదులుతాయి.

బకిల్ కాడ, అంటే బకిల్‌ను నేల పట్టుకు కలిపే ముక్క, పొట్టిగా ఉండాలి. పెట్టుకున్నాక బకిల్ తుంటి పక్కన ఉండాలి, కడుపు మీదకు వస్తే కాడ పొడవైనట్టు. సీటు మడిచే బండిలో కాడ దిండుకూ వీపుకూ మధ్య సందులోంచి వస్తుంది. గట్టి తీగ కాడ అయితే సీటు ఎత్తినప్పుడు కిందికి పోకుండా నిలబడుతుంది. సీటు పది సార్లు మడిచి తెరిచి, పట్టీ ఎక్కడా కీలులో నలగడం లేదని చూసుకోండి.

మిస్త్రీ ఒడియా మాట్లాడేవాడైతే, మీ ఒడియా అంతంత మాత్రమైతే, నోటిమాట మీద వదిలేయకండి. అట్ట ముక్క మీద పలక ఆకారం కత్తిరించి, కన్నం గుర్తు పెట్టి, రేకు మీద సుద్దతో బాణం గీసి చూపించండి. "లాగుడు ఇటు, పలక అటు" అన్నది బొమ్మలో కనిపించాలి.

మధ్య సీటు, పిల్లలు, సామాను

మధ్య సీటుకు పై పట్టు పెట్టే చోటు ఎస్టేట్‌లో పైకప్పు ఒక్కటే, దానికి రేకు చాలదు. పక్క ఇద్దరికీ మంచి బెల్టులు పెట్టి మధ్యలో ఎవరినీ కూర్చోబెట్టకపోవడమే మా మొదటి సలహా. ముగ్గురూ తప్పదంటే మధ్యలో నడుము పట్టీ, అదీ పెద్దవాళ్లకే. ఒకే బోల్టుకు ఇద్దరి బకిళ్లు తగిలించాల్సి వస్తే ఇద్దరి భారమూ దాని మీదే, పలక అందుకు తగ్గట్టు పెద్దది కావాలి.

చిన్నపిల్లల సీటు కట్టాలనుకునేవాళ్లు పట్టీ పూర్తిగా బయటికి లాగితే టకటకమంటూ వెనక్కి మాత్రమే చుట్టుకునే రకం రీలు తీసుకోండి. మామూలు రీలు నెమ్మదిగా లాగితే వదులిస్తూనే ఉంటుంది, పిల్లల సీటు ఊగుతుంది. పొట్టి పిల్లలకు ఎత్తు దిండు ఉండాలి, లేకపోతే పట్టీ గొంతు మీద పడుతుంది. మోటారు వాహనాల చట్టం 194బి కింద బెల్టు పెట్టుకోనందుకు 1,000 రూపాయల జరిమానా ఉంది, 14 ఏళ్ల లోపు పిల్లల విషయంలోనూ వర్తిస్తుంది.

డిక్కీలో ధాన్యం బస్తా ఉంటే సీటు వీపు కొక్కెం కూడా బెల్టు పనిలో భాగమే. అది అరిగి ఉంటే బెల్టు పెట్టుకున్న మనిషిని వెనకనుంచి బస్తా నొక్కేస్తుంది. కొక్కేలు మార్పించి, బరువైనవి నేల మీద సీటు వీపుకు ఆనించి, డిక్కీ నేలలో కొక్కేలు పెట్టించి తాడుతో కట్టండి.

అప్పగించుకునే ముందు

పట్టీని నెమ్మదిగా పూర్తిగా లాగి వదలండి, దానంతటదే చుట్టుకోవాలి. విసురుగా లాగండి, టక్కున ఆగాలి. తర్వాత ఖాళీ స్థలంలో, వెనక ఎవరూ రాని చోట, గంటకు 15–20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేయండి. వెనక కూర్చున్నవాళ్లు ముందే కాళ్లు తన్నిపెట్టుకుని, పట్టీని చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉండాలి. రెండు రీళ్లూ పట్టాలి. ఒకటి పట్టి ఒకటి పట్టకపోతే కోణం తేడా. నెల రోజులు తిరిగాక అన్ని బోల్టులనూ టార్క్ పానాతో మళ్లీ చూడండి.

ఎస్టేట్‌కు అద్దాలెక్కువ కాబట్టి పట్టీల మీద ఎండ ఎక్కువ, వానాకాలం బూజు ఎక్కువ. సబ్బు నీళ్లతోనే తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే రీలులోకి వదలండి. బ్లీచింగు, రంగు అద్దకం నేతను తినేస్తాయి. అంచు పోగులు లేస్తే కుట్టించకండి, ఆ బెల్టు మొత్తం మార్చండి. ఒక గుద్దుడు చూసిన బెల్టు పైకి ఎంత బాగున్నా అంతే, దాని బోల్టులతో సహా.